గుర్తు గల సరకు

శ్రోతలారా, నేను నల్లగొండ, మహబూబ్‌నగరు జిల్లాల బడులలో ముప్పదియేండ్లకు పైగా తెలుగు చెప్పి విశ్రాంతి పొందినవాడను. వ్యాపారము నా విద్య కాదు. ధర్మాసనములు నాకు పరిచితములు కావు. అయినను నా శిష్యుడొకనికి వచ్చిన ఒక కాగితము మూలమున, ఈ వయస్సున వ్యాపారచిహ్నముల శాస్త్రము కొంత చదువవలసి వచ్చినది. ఆ చదివిన దానిని మీతో చెప్పుటకే యీ ప్రసంగము.

మొదట నా బాల్యము. దేవరకొండ తాలూకాలోని మా యూర అంగడి యొక్కటియే యుండెను. కోమటి రంగయ్య కొట్టని పిలుచుట వాడుకయే గాని దానికి పలక లేదు, అక్షరము లేదు. సరకునకు మాత్రము బొమ్మలుండెడివి. దీపపుబొమ్మ అగ్గిపెట్టె, పిట్టబొమ్మ దారపుటుండ, ఏనుగుబొమ్మ సబ్బు. మా యమ్మకు అక్షరజ్ఞానము లేదు. "పిట్టబొమ్మది తే, వేఱొకటి ఇచ్చిన తీసికొని రాకుము" అని అణా పైసలు లెక్కించి యిచ్చెడిది. చదువు లేని యింటికి ఆ బొమ్మయే సాక్ష్యము, ఆ బొమ్మయే జామీను. ఈ దారము తెగదు అని చెప్పుటకు ఆ తయారుచేయువాడు మా యూరికి రాలేడు, పిట్టను పంపినాడు.

ఈ పిట్టను గూర్చియే మన దేశమున ఒక ప్రసిద్ధమైన వ్యాజ్యము జరిగినది. జేమ్స్ చాడ్విక్ అను విదేశపు దారపు కంపెనీకి డేగబొమ్మ గుర్తుగా నుండెను. చిదంబరమునందలి నేషనల్ సూయింగ్ థ్రెడ్ కంపెనీవారు తమ దారమునకు మఱియొక పక్షిని వేసికొని, దానిక్రింద రాబందు మార్కు అని ఇంగ్లీషున వ్రాసికొనిరి. అది డేగ, ఇది రాబందు. రెండును వేఱు గదా యని వారి వాదము. 1953లో సుప్రీంకోర్టు ఈ వాదమును త్రోసివేసినది. కొనువాడు పక్షిశాస్త్రజ్ఞుడు కాడు. రెక్కలు చాచిన పెద్ద పక్షిని చూచి అదియే యిదియని యనుకొనును. మన భాషయు దీనికి సాక్ష్యమిచ్చును. సంస్కృతమున గృధ్రమన రాబందు. ఆ మాటయే మారి మన నోట గ్రద్ద యైనది. కాని మనము గ్రద్దయనునది రాబందును గాదు, కోడిపిల్లను తన్నుకొనిపోవు వేఱొక పక్షిని. పండితులు గల భాషయే ఈ రెండు పక్షులను కలిపివేసినప్పుడు దారము కొనవచ్చిన ముసలమ్మను తప్పు పట్టనేల?

ఇంతకంటె నాకు రుచించిన తీర్పు 1962 నాటిది. అమృతధార అను మందు 1903 నుండి అమ్మకములో నుండెను. 1923 నుండి మఱియొకరు లక్ష్మణధార అను పేర అట్టి మందునే ఉత్తరప్రదేశమున అమ్ముచుండిరి. అమృతము యొక్క ధార ఒకటి, లక్ష్మణుని ధార ఒకటి; అర్థములు వేఱు గావున పేరులు వేఱని వాదించిరి. సుప్రీంకోర్టు చెప్పిన దేమన, పల్లెటూరివాడు మందు కొనునప్పుడు సమాసమును విడదీసి విగ్రహవాక్యము చెప్పుకొనడు. మొత్తము పేరు చెవిని పడిన తీరే వానికి గుర్తుండును, అదియు మసకగా. కావున రెండును పోలియున్నవి. జీవితమంతయు షష్ఠీతత్పురుషములు చెప్పిన నాకు ఈ వాక్యము కొంత చిన్నతనమనిపించినను, నిజమని యొప్పుకొనక తప్పలేదు. అయితే ఆ తీర్పులో రెండవ సగము కూడ కలదు. లక్ష్మణధార అమ్ముచుండుట యెఱిగియు అమృతధారవారు ఏండ్ల తరబడి ఊరకుండిరి. కాబట్టి ఉత్తరప్రదేశము మట్టుకు ఆ పేరు సాగవచ్చునని ధర్మాసనము విడిచిపెట్టినది. ఊరకున్నవాడు హక్కును కొంత పోగొట్టుకొనును. ఈ మాటను మీరు జ్ఞాపకముంచుకొనుడు. కంపెనీల కోపమునకు మూలము ఇచ్చటనే యున్నది.

గుర్తులను కాపాడుట అక్కఱలేదని నేననను. నేను పాలమూరు ప్రాంతమున పనిచేయు దినములలో మా యింటి యెదుటి రైతు ప్రత్తి విత్తనములు కొని తెచ్చెను. సంచి నిగనిగలాడుచున్నది. రంగు అదియే, బొమ్మ అదియే, పేరున ఒక్క యక్షరము మాత్రము తేడా. ఆయన చదువుకొన్నవాడే, కాని సంచిని బొమ్మ చూచి కొనెను, మా యమ్మ దారము కొన్నట్లు. చేను ఏపుగా పెరిగినది, కాయ నిలువలేదు. ఆ కార్తికమున ఆయన ఎడ్లనమ్మి కుటుంబముతో బొంబాయి దిక్కు మట్టిపనికి పోయెను. ఆ యొక్క యక్షరము చూడవైతివేమని నేనడిగితిని. బడిపంతులు అడుగు ప్రశ్నయది. అడిగినందుకు నేటికిని సిగ్గుపడుచున్నాను. దొంగగుర్తు వేసి సరకమ్మినవానికి నేటి చట్టము ఆరు మాసములకు తక్కువ గాకుండ మూడేండ్ల వఱకు చెఱ, ఏబదివేల నుండి రెండు లక్షల రూపాయల వఱకు జరిమానా విధించుచున్నది. ఆ సంచి అమ్మినవానికి ఏ శిక్షయు పడినట్లు మా యూర నెవ్వరును వినలేదు.

చట్టము మాట వచ్చినది గావున రెండు ముక్కలు. బ్రిటిషు ఇండియాలో వ్యాపారచిహ్నముల చట్టము 1940లో పుట్టెను. 1958లో మఱియొకటి వచ్చెను. ఇప్పుడు నడచుచున్నది 1999 నాటిది. 2003 సెప్టెంబరు 15 నుండి అమలులోనికి వచ్చినది. గుర్తును పదేండ్లకొకమాఱు పునరుద్ధరించుకొనుచు ఎంతకాలమైనను నిలుపుకొనవచ్చును. సరకులను, సేవలను నలుబదియైదు తరగతులుగా విభజించినారు. మా బడిలో ఇన్ని తరగతులు లేవు.

ఇక నా శిష్యుని కథ. వాని తల్లి భర్త పోయిన పిమ్మట బస్సులు నిలుచు చోట తాటాకు పందిరి క్రింద ఇడ్లీలు, మిరపకాయ బజ్జీలు వేసి అమ్మినది. ఊరివారు ఆమె పేరిటనే ఆ హోటలును పిలిచిరి. పిల్లవాడు పదవ తరగతితో చదువు చాలించి తల్లి ప్రక్కన నిలిచెను. పందిరి రేకుల షెడ్డయ్యెను, షెడ్డు మిద్దె యయ్యెను. ఆమె పోయిన తరువాత పెద్ద బోర్డు వ్రాయించి ఆమె పేరే పెట్టినాడు. ఆ బోర్డున నకారమునకు బదులు ణకారము పడినది. తల్లి పేరు తప్పుగా వ్రాయరాదురా యని నేను పోయినప్పుడెల్ల చెప్పుచుండెడివాడను. "దిద్దిస్త సారూ" అని వాడును ప్రతిమాఱు అనుచుండెడివాడు.

ఒకనాటి సాయంకాలము మా యింటికి వచ్చి ఒక కవరు చేతికిచ్చెను. దూరపు నగరముననున్న ఒక కంపెనీ తరపున వకీలు వ్రాసినది, పదునొకండు పుటలు, ఇంగ్లీషున. మీ హోటలు పేరు మా గుర్తును పోలియున్నది. పదునేను దినములలో బోర్డు తీసివేయవలెను, పేరు పెట్టుకొని సంపాదించిన దానికి లెక్క చెప్పవలెను, నష్టపరిహార మియ్యవలెను, లేనిచో మా నగరమున దావా వేయుదుము. ఇదియే సారము. కంపెనీ పేరు నేను చెప్పను. నా శిష్యుడు తన హోటలు పేరును గూడ రేడియోలో చెప్పవద్దని వేడుకొనెను. తల్లి పేరు నలుగురిలో పలుకుటకు కొడుకు భయపడు స్థితి యెట్టిదో మీరే యోచింపుడు.

"సారూ, నేను దొంగతనం జేసిన్నా?" అని వాడడిగెను. నాకు సమాధానము తోచలేదు. మఱునాడు నల్లగొండకు పోయి ఎఱిగిన వకీలు నడిగితిమి. ఆయన చెప్పిన దానిని నాకు బోధపడినంత మీకు చెప్పెదను.

తన సొంత పేరునో, తనకు పూర్వము ఆ వ్యాపారము నడపినవారి పేరునో మోసపు తలంపు లేక పెట్టుకొన్నవానిని అడ్డగించు హక్కు గుర్తుగలవానికి లేదని 35వ సెక్షను చెప్పుచున్నది. గుర్తు నమోదగుటకును వాడుకలోనికి వచ్చుటకును ముందునుండియే విడువక వాడుకొనుచున్నవానికి 34వ సెక్షను రక్షణ. ఇంక 142వ సెక్షను కలదు: ఆధారము లేని బెదరింపు ఉత్తరము వచ్చినచో, బెదరింపబడినవాడే న్యాయస్థానమునకు పోయి, ఇట్టి బెదరింపులు తగవని చెప్పించుకొనవచ్చును, నష్టమును గూడ రాబట్టుకొనవచ్చును, గుర్తుగలవాడు ఆలస్యము చేయక నిజముగా దావా వేసినచో మాత్రము ఆ దారి మూసికొనిపోవును. ఈ సెక్షను సంగతి నోటీసు పుచ్చుకొన్నవారిలో ఎందఱికి తెలియును? పదునొకండు పుటలలో ఎక్కడను దాని ప్రస్తావన లేదు. ఉండదు గదా!

దూరపు ఊర దావా యను మాటకే వాడెక్కువ హడలిపోయెను. హోటలు మూసి, టికెట్టు కొని, భాష తెలియని చోట నిలువవలెనా? గుర్తుగలవాడు తాను వ్యాపారము చేయు చోటనే దావా వేయవచ్చునని 134వ సెక్షను ఒక వెసులుబాటు ఇచ్చినమాట నిజము. కాని దానికిని హద్దు కలదు. సింగపూరునందలి బన్యన్ ట్రీ హోల్డింగ్ అను కంపెనీ, హైదరాబాదున బన్యన్ ట్రీ రిట్రీట్ అను పేర ఇండ్లు కట్టువారిపై ఢిల్లీ హైకోర్టున వ్యాజ్యము వేసినది. ఇరువురిలో నెవ్వరును ఢిల్లీవారు కారు. హైదరాబాదువారి వెబ్‌సైటు ఢిల్లీలో కనబడుచున్నదని ఆధారము చూపినది. కనబడినంత మాత్రమున చాలదు, ఢిల్లీ ప్రజలతో వ్యాపారము చేయనెంచినట్లు చూపవలెనని 2009లో ఆ హైకోర్టు చెప్పినది. వ్యాజ్యకారణము పుట్టిన చోటనే వాదికి కార్యాలయముండగా, దానిని విడిచి దూరపు నగరమునకు ప్రతివాదిని ఈడ్వరాదని 2015లో సుప్రీంకోర్టు చెప్పినది.

మాకు ధైర్యము కలిగించినది మాత్రము నందినీ కథ. బెంగుళూరున ఆంధ్ర భోజనమునకు పేరుపడిన నంధిని డీలక్స్ అను హోటళ్లు గలవు. కర్ణాటక పాల సహకార సమాఖ్యవారు 1985 నుండి పాలకు నందిని యను పేరు వాడుచున్నారు. ఈ హోటలువారు 1989 నుండి. ఒకరిది ఆవుబొమ్మ, ఒకరిది దీపపుబొమ్మ. వివాదము ఏండ్లు నడచి 2018 జూలై 26న సుప్రీంకోర్టు హోటలువారి పక్షమున తీర్పు చెప్పినది: పాలు వేఱు, భోజనము వేఱు, పాలు, పాలతో చేసిన సరకులకు మాత్రము హోటలువారు ఆ పేరు వాడరాదు. నందిని యనునది పురాణములలో ధేనువు పేరు, ఎవ్వరును కొత్తగా కల్పించినది కాదని గూడ అందు కలదు. వసిష్ఠుని హోమధేనువును దిలీపుడు మేపిన కథను ఏటేట బాలురకు చెప్పినవాడను నేను. ఆ గోవు కొఱకు పూర్వము విశ్వామిత్రుడు వసిష్ఠునితో పోరెను. ఇప్పుడు దాని పేరు కొఱకు పోరుచున్నారు!

కంపెనీలకు ఇంత పట్టుదల యెందుకని మీరడుగుదురు. లోభమొక్కటే కాదు, భయము గూడ. పేరు అందఱి నోట పడి సామాన్యనామ మైనచో యజమానికి దక్కదు. ఆస్పిరిన్ అను పేరు అమెరికాలో బేయర్ కంపెనీకి 1921లో జాఱిపోయినది. థర్మాస్ అను పేరు 1963లో అట్లే అయినది. మనమును తక్కువవారము కాము. వనస్పతి ఎవ్వరిదైనను డాల్డాయే. నకలు తీయు యంత్ర మేదైనను జిరాక్సే. తలనొప్పికి ఏ డబ్బా తెచ్చినను మా యింట అమృతాంజనమే. ఆ అమృతాంజనమును 1893లో బొంబాయిలో స్థాపించినవారు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. ఆ లాభముతో ఆంధ్రపత్రికను నడపి తెలుగువారికి అక్షరాన్నము పెట్టినారు. పేరుపొందిన గుర్తు ఒకటి ఇట్టి పనికి వచ్చుట నేనెఱిగిన వానిలో అరుదు. వ్యాకరణమున విశేషనామము సామాన్యనామ మగుట వాడుకరుల ప్రేమకు గుర్తు. వ్యాపారమున అది ఆస్తినష్టము. కావుననే వారు పెద్ద దొంగను విడిచినను చిన్న హోటలును విడువరు. ఊరకున్నచో లక్ష్మణధార యగునని భయము. చిన్నవానిపై నోటీసు చౌక. వాడు జడిసి బోర్డు దించును, కవరు కర్చుతో పని తీరును.

జనము ఊరకుందురా? ఉండని చోట్లును కలవు. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రమున ఒక చేతిపనివాడు కేల్ అను ఆకుకూర నెక్కువగా తినుడని బనియన్లపై అచ్చువేసి అమ్ముకొనుచుండెను. కోడిమాంసమమ్ము చిక్-ఫి-లే అను పెద్ద కంపెనీకి, కోడిని ఎక్కువగా తినుడని అర్థమిచ్చు ప్రకటనవాక్య మున్నది. ఆ కూరమాట మా కోడిమాటను పోలియున్నదని 2011లో వానికి ఉత్తరము వ్రాసిరి. వాడు లొంగలేదు. వేలమంది వానికై సంతకములు చేసిరి, ఆ రాష్ట్రపు గవర్నరు బహిరంగముగా వాని ప్రక్క నిలిచెను, ఉత్తరము పుణ్యమా యని బనియన్ల అమ్మకము పెరిగెను. 2014 డిసెంబరులో వానికే ఆ మాట గుర్తుగా నమోదయ్యెను. గోంగూర తినువారమగు మనకు ఈ విజయము సంతోషకరమే.

మా యూరివారు సంతకములు చేయలేదు. నోటీసు వచ్చిన వారమున నా శిష్యుడు భయపడి, వకీలు మాట వినకమునుపే, బోర్డుపై తెల్ల సున్నము పూయించెను. తెల్లని రేకు మాత్రము వ్రేలాడుచుండెను. అయినను హైదరాబాదు బస్సు కండక్టరు అచ్చట ఆపి ఆ పేరే పిలిచెను. కూరలు తెచ్చు ఆటోవాడు అదే పేరు చెప్పెను. ఉపాధిపనికి పోవు స్త్రీలు పొద్దున్నే వచ్చి, బోర్డు వంక చూడనైన చూడక, రెండిడ్లీ కట్టుమనిరి. వారిలో ఒకతె, "పేరు సున్నం ఏస్తె పోతదా కొడుకా, నీ తల్లి శెయ్యి మేం దిన్నం" అనెను. కంపెనీవారి సరకు ఆ పేరనే అదే అంగళ్లలో అమ్ముడగుచున్నది. దానిని కొనుట ఎవ్వరును మానలేదు; ఈ ఇడ్లీ తినుటయు మానలేదు. రెంటికిని పొరపాటు పడినవాడు మా యూర ఒక్కడును లేడు. పక్షిబొమ్మనుగూర్చి ధర్మాసనము పడిన శంక ఇక్కడ అక్కఱ లేకపోయినది.

నన్ను బాధించునది వేఱొకటి. గుర్తు హక్కు కంపెనీలకే గాక ఊళ్లకును కలదు. దానిని భౌగోళిక సూచిక యందురు. ఆ చట్టమును 2003 సెప్టెంబరు 15ననే అమలులోనికి వచ్చినది. దేశపు పట్టికలో మొదటి రెండు సంఖ్యలు డార్జిలింగు తేయాకువి; నాలుగవది మన పోచంపల్లి ఇక్కతుది. ఆ యూరు 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినను, మాకది నల్లగొండయే. పుట్టపాక తేలియా రుమాలుకును 2020లో ఈ గౌరవము లభించెను. గద్వాల, నారాయణపేట చీరలకును కలదు. ఈ హక్కును అమ్ముటకు, ఒక్కని పేర వ్రాయుటకు వీలులేదు, అది నేతవారందఱిది.

మా అమ్మాయి పెండ్లికి చీరలు కొనబోయితిమి. పట్టణపు దుకాణమున పోచంపల్లి యని చూపిరి, వెల సగము. నా భార్య చెంగు తిరుగవేసి చూచి, "ఏమండీ, ఇది అచ్చు, నేత గాదు" అనెను. ఇక్కతున నూలును ముందు ముడులు వేసి, రంగులలో ముంచి, పిదప మగ్గమున నేయుదురు. కావున పువ్వు ఇరువైపుల ఒకే తీరున నుండును, అంచులు కొంచెము చెదరినట్లుండును. అచ్చుగుడ్డకు వెనుకవైపు వెలవెలబోవును. ఆమె పదునాల్గవ యేట నేర్చిన పరీక్షయిది. దుకాణపువాడు నవ్వి, "అందఱును ఇదియే కొనుచున్నారమ్మా" అనెను. నిజమే. ముడులు కట్టుటకు ఇంటిల్లిపాది దినముల తరబడి కూర్చుండు నేతకుటుంబము, ఏ పట్టణమున ఎవడు అచ్చువేసెనో వెదకి పదునొకండు పుటల నోటీసు వ్రాయింపగలదా? వకీలు కూలి ఎన్ని చీరల వెల? హక్కు కాగితమున నున్నది. హక్కును నడిపించు రొక్కము కంపెనీ యొద్ద నున్నది.

నా శిష్యుని తరపున వకీలు మూడు పుటల జవాబు పంపెను. తల్లినాటి పంచాయతీ రసీదులు, పాత కరెంటు బిల్లులు, పందిరి ముందు ఆమె నిలిచిన ఒక పటము జతపఱచెను. ఏడు మాసములైనది, మాఱు ఉత్తరము లేదు. రాదని వకీలు చెప్పుట లేదు.

మొన్న దసరా ముందు బోర్డు మరల వ్రాయించుచున్నాడని విని పోయితిని. నిచ్చెనపై బోర్డు వ్రాయువాడు ఎఱ్ఱరంగుతో తల్లి పేరు దిద్దుచుండెను. మరల అదే ణకారము. నేను కేక వేయబోయితిని. నా శిష్యుడు చేయి పట్టుకొని, "సారూ, ఎన్నటిసంది యెట్లున్నదో అట్లనే ఉండాల్నట, ఒక్క అచ్చరం మార్చొద్దని వకీలు సారు చెప్పిండు" అనెను. నేను లోపలికి పోయి కూర్చుండి ఇడ్లీ తెప్పించుకొంటిని.